కొట్టంలో మోటారుసైకిలు

ఆదివారం కదా, కాఫీ కలిపి పిలిస్తే పలుకుతాడనుకుంది పద్మావతి. పలకలేదు. గ్లాసు పట్టుకుని పెరట్లోకి వస్తే భర్త చలపతిరావు మళ్ళీ ఇంటివాళ్ళ పశువుల కొట్టంలోనే ఉన్నాడు. కిరసనాయిలులో తడిపిన గుడ్డతో పాత మోటారుసైకిలును తుడుస్తున్నాడు. తుడిచినకొద్దీ తుప్పు ఊడి వస్తోందే తప్ప రంగన్నది కనిపించడం లేదు.

ఆ మోటారుసైకిలు సంగతి కొత్తగూడలో తెలియనివాళ్ళు లేరు. పుప్పాలగూడ దొర ఒకాయన నిజాం రోజుల్లో తిరిగిన ఇంగ్లీషు బండి అది. ఆయన పట్నంలో స్థిరపడుతూ, తన దగ్గర పనిచేసిన బాలనర్సయ్యకు దాన్ని వదిలేసి వెళ్ళాడు. బాలనర్సయ్యకు ఎడ్లను అదిలించడం వచ్చు గానీ ఇంజన్ల గొడవ తెలియదు. దాంతో అది గడ్డివాము పక్కన ఏళ్ళ తరబడి నిలబడిపోయింది. సీటు చిరిగిన చోట కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. బాలనర్సయ్య ఇంట్లోనే వెనక భాగంలో కిరాయికుంటున్న చలపతిరావుకు, ఉన్నట్టుండి దాని మీద మనసు పడింది.

"చల్లారిపోతోంది, తాగండి" అంది పద్మావతి.

"ఇంజను పట్టేయలేదు పద్మా, తిరుగుతోంది! రింగులు మార్పించి, వైర్లు కొత్తవి వేయిస్తే లేచి కూర్చుంటుంది."

"లేచి కూర్చోడానికి అదేమన్నా జ్వరం మనిషా?"

అనేశాక నాలిక కరుచుకుంది. ఆ ఇంట్లో జ్వరం అన్న మాట ఎవరూ పలకరు. కిందటి ఆషాఢంలో వాళ్ళ కూతురు అమ్మణ్ణి, ఇంకా బడికి కూడా వెళ్ళని పిల్ల, జ్వరంతో గొంతు వాచి ఊపిరాడక కన్నుమూసింది. పట్నంలో పెద్దాసుపత్రికి చేర్చేసరికే ఆలస్యమైంది. కాస్త ముందు తెచ్చి ఉంటే చూసేవాళ్ళమన్నాడు డాక్టరు. ఆ మాట చలపతిరావు చెవుల్లోంచి పోలేదు. లింగంపల్లి అవతల కర్మాగారంలో అతను గుమస్తా. ఎవరు పరామర్శించినా ఒకటే చెప్పేవాడు: "ఊరవతల కాపురం, చేతిలో వాహనం లేదు. బండి ఉండి ఉంటే మా పాప దక్కేది."

పద్మావతి ఆ మాట విన్నప్పుడల్లా లోపలికి వెళ్ళిపోయేది.

అంతలో బాలనర్సయ్య భుజాన తువ్వాలతో వచ్చాడు.

"సారూ, జర జల్ది చెప్పుండ్రి. తెల్లాపూర్ల పాత ఇనుము కొనే సేటు ఇయ్యాల వస్తనన్నడు. నాకైతే నీకే ఇయ్యాలని ఉన్నది. గాయన తీస్కపోతే ఇగ ముక్కలు ముక్కలు చేస్తడు."

"ఆయన వచ్చేలోపు చెబుతాను బాలనర్సయ్యా" అన్నాడు చలపతిరావు, భార్య వంక చూడకుండా.

లోపల అత్తగారు సుబ్బలక్ష్మి గోడకు ఆనుకుని దీపానికి వత్తులు చేస్తోంది. పద్మావతి చేటలో బియ్యం పోసుకుని ఏరడానికి కూర్చుంది. రాళ్ళకంటే బియ్యమే ఎక్కువ బయటికి ఎగురుతోంది. కోపం వచ్చినప్పుడు ఆమె పనంతా అలాగే ఉంటుంది.

"వాడి సరదా, కొనుక్కోనీవే అమ్మాయ్" అంది సుబ్బలక్ష్మి మెల్లగా. ఏడాదిగా ఆ ఇద్దరి మధ్యా అన్నం పెట్టనా, నీళ్ళు కాగాయి అన్నవి తప్ప మాటల్లేవు.

చలపతిరావు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "సరదా కాదమ్మా, అవసరం. రేపు మీలో ఎవరికేం వచ్చినా గబుక్కున తీసుకుపోవచ్చు. ఆ రోజు ఇదే గనక నడిచే స్థితిలో ఉంటే పాప..."

"ఆ మాట ఇంకోసారి అనకండి!" పద్మావతి చేట విసురుగా పక్కకు పెట్టింది. "అది ఈ గుమ్మంలోకి వస్తే నేను మా పుట్టింటికి వెళ్ళిపోతాను. మళ్ళీ రాను. చెబుతున్నాను."

"అంత పగేమిటి దాని మీద? బస్సు తప్పింది. రెండో బస్సు దాకా రోడ్డు మీద పడిగాపులు కాశాం. నిజం కాదా?"

"బస్సెందుకు తప్పింది?"

అతను తుడుచుకున్న చేతులే మళ్ళీ తుడుచుకోసాగాడు.

"చెప్పండి, ఎందుకు తప్పింది? బాలనర్సయ్య తెల్లారకముందే ఎడ్లబండి కట్టి వాకిట్లో నిలబెట్టాడు. పాపకు మెత్తగా ఉంటుందని గడ్డి పరిచి, పైన దుప్పటి వేశాడు. మనం ఎక్కామా? ఎక్కి ఉంటే మొదటి బస్సు దొరికేది. మీరు ఊరంతా తిరిగి బండి లేదు, బండి లేదు అంటుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది. నా బిడ్డ ఎందుకు పోయిందో కూడా నిజం చెప్పుకోనివ్వరా నన్ను?"

సుబ్బలక్ష్మి చేతిలోని వత్తి ఆగిపోయింది.

ఆ ఇంట్లో వర్జ్యం చూడకుండా గడప దాటరు. కోనసీమ నుంచి ఇంత దూరం వచ్చినా పంచాంగం వాళ్ళతోనే వచ్చింది. చలపతిరావు ఉద్యోగంలో చేరిందీ, ఈ ఇంట్లో పాలు పొంగించిందీ అది చూసే. ఆ పొద్దున పిల్ల ఎగశ్వాసతో ఉంటే సుబ్బలక్ష్మి గడపకు అడ్డంగా నిలబడింది. "వర్జ్యంరా నాయనా. ఇప్పుడు బయలుదేరితే తిరిగి తెచ్చుకోలేం. కాసేపు ఓర్చుకోండి, దాటగానే వెళుదురుగాని" అని రెండు చేతులూ జోడించింది. మనవరాలంటే ఆమెకు ప్రాణం, అందుకే అంత భయపడింది. వర్జ్యం దాటి, ఎడ్లబండి పెద్ద రోడ్డు చేరేసరికి బస్సు వెళ్ళిపోయింది.

"పద్మా, అమ్మ వింటోంది" అన్నాడు చలపతిరావు గొంతు తగ్గించి.

"విననీరా" అంది సుబ్బలక్ష్మి. గోడ పట్టుకుని లేచి నిలబడింది. "నాకు తెలుసు, నువ్వా తుప్పుముక్క ఎందుకు కొంటానంటున్నావో. బండి లేక పోయిందని నలుగురూ అనుకుంటే మీ అమ్మ మీదికి రాదు. అంతేనా? ఒరే చలపతీ, విమానం తెచ్చి గుమ్మంలో పెట్టినా నేను ఆ పొద్దున కదలనిచ్చేదాన్ని కాదురా! నా మూలంగానే పోయింది అది."

"అమ్మా..."

"నువ్వాగు." ఆమె కోడలి వైపు తిరిగింది. "ఏడాదిగా నువ్వు నా మొహంలోకి చూడలేదమ్మా. కంచం పెడతావు, మజ్జిగ పోస్తావు. ఒక్కరోజైనా తిడతావని చూశాను. తిట్టవే తల్లీ, అడగవే. నీ నోటి నుంచి ఆ మాట పడితే గాని నాకు ముద్ద దిగేటట్టు లేదు."

ఎన్నో రాత్రులు పద్మావతి ఆ మాటల్ని మనసులో పేర్చుకుంది. నా బిడ్డను మీరే పొట్టన పెట్టుకున్నారు అని అరవాలనుకుంది. ఇప్పుడు ఎదురుగా అత్తగారు తల వంచుకుని నిలబడితే నోరు తెరిచింది కానీ, వేరే మాట వచ్చింది.

"మీరు నన్ను కట్టేశారా అత్తయ్యా?"

సుబ్బలక్ష్మి తలెత్తింది.

"మిమ్మల్ని పక్కకు తోసి వెళ్ళలేనా నేను? కన్నతల్లిని. బాలనర్సయ్య బయటి నుంచి 'అమ్మా, రా, పొద్దెక్కుతున్నది' అని పిలిచాడు. 'కాసేపాగు' అన్నది నేనే. మీరు కాదు, ఈయన కాదు. నాకూ భయమేసింది. వర్జ్యంలో తీసుకెళితే నిజంగానే ఏమన్నా అవుతుందేమోనని దాన్ని ఒళ్ళో పెట్టుకుని, విసురుతూ కూర్చున్నాను. అది నా కొంగు పట్టుకుని లాగుతూనే ఉంది అత్తయ్యా..."

సుబ్బలక్ష్మి గబగబా వచ్చి కోడలి తలను గుండెలకు అదుముకుంది. ఇద్దరూ గట్టిగా, సిగ్గు లేకుండా ఏడ్చారు. ఏడాదిగా ఒకే ఇంట్లో వేరువేరు మూలల్లో ఏడ్చినవాళ్ళు. చలపతిరావు వాళ్ళ పక్కన ఏం చేయాలో తెలియక నిలబడ్డాడు.

"సారూ! సేటు వచ్చిండు" అని పెరట్లోంచి కేక వినబడింది.

పద్మావతి కొంగుతో మొహం తుడుచుకుంది. "వెళ్ళండి. ముచ్చటగా ఉంటే కొనుక్కోండి, నేను అడ్డు చెప్పను. ఇప్పుడది ఉత్త మోటారుసైకిలే కదా."

చలపతిరావు కొట్టంలోకి వెళ్ళాడు. ఏడాదిగా దాన్ని చూసినప్పుడల్లా అతనికి ఒకటే కనిపించేది. టాంకు మీద అమ్మణ్ణి, వెనక పద్మావతి, రాళ్ళగుట్టల మధ్య రోడ్డు మీద తను దూసుకుపోవడం, డాక్టరు పిల్ల వీపు తట్టి పరవాలేదనడం. ఇప్పుడు ఎంతసేపు చూసినా అది కనిపించలేదు. వంగిపోయిన హ్యాండిలు, మట్టిలో కూరుకుపోయిన చక్రాలు, సీటు మీద ముడుచుకు కూర్చున్న పెట్ట కనిపించాయి.

"ఏమంటవు సారూ?" అడిగాడు బాలనర్సయ్య.

"ఇచ్చెయ్యి. నాకొద్దు."

సేటు మనుషులు తాళ్ళు తీశారు. చలపతిరావు బాలనర్సయ్య భుజం పట్టుకుని పక్కకు తీసుకెళ్ళాడు. ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా అడగని మాట అడిగాడు.

"ఆ పొద్దున మాకోసం ఎంతసేపు నిలబడ్డావు బాలనర్సయ్యా?"

బాలనర్సయ్య చూపు దించుకున్నాడు. "ఇప్పుడెందుకు సారూ గా ముచ్చట? ఫికర్ చెయ్యకు."

"చెప్పు. నేను వినాలి."

"ఎడ్లకు ఏసిన గడ్డి ఒడిసింది సారూ. మల్ల తెచ్చి ఏసిన. గదీ ఒడిసింది."

చలపతిరావు కొట్టం ముందు నేల మీద కూలబడ్డాడు. పరామర్శకు వచ్చినవాళ్ళందరికీ బస్సు సంగతి చెప్పి చెప్పి, ఏడాదిగా ఒక్క కన్నీటి చుక్క రాల్చని మనిషి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు విని అత్తాకోడళ్ళు వచ్చి అతనికి చెరో పక్కన కూర్చున్నారు. సేటు మనుషులు మోటారుసైకిలును ఈడ్చుకుపోతున్నారు. ముగ్గురిలో ఒక్కరూ అటు చూడలేదు.