కూలోళ్ల రొట్టె

తొంభై రెండు వేసవి. రేపల్లెలో ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఆ ఉదయం కూడా టీచరు విజయమ్మ భర్తకు రొట్టెలు కాల్చి మూతపెట్టింది. జొన్నలు, రాగులు, ఉలవలు, సోయా, గుప్పెడు మెంతులు వేయించి, తానే పిండిమరకు మోసుకెళ్లి ఆడించిన పిండి అది. మండలాఫీసు గుమాస్తా సామ్యేలుకు షుగరూ, కొలెస్ట్రాలూ రెండూ ఉన్నాయి. మూడు నెలలుగా రెండు పూటలా ఈ రొట్టెలే. అయినా నిన్న తెనాలి డాక్టరు రిపోర్టు చూసి మొహం చిట్లించాడు. కాలిపుండు ఇలాగే ఉంటే బొటనవేలు తీసేయక తప్పదన్నాడు.

ఇన్నాళ్ల రొట్టెలు ఏమైనట్టు? బళ్లో ఉన్నంతసేపూ విజయమ్మకు అదే అనుమానం.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి అత్తగారు నాగమ్మ, కాలి నొప్పితో సెలవులో ఉన్న కొడుకు పళ్లెంలో తెల్లటి అన్నం పెట్టి, మీద గడ్డపెరుగు వేస్తోంది. రొట్టెలు పెరట్లో కోళ్లు తింటున్నాయి.

విజయమ్మకు ఒళ్లు మండిపోయింది. "మూణ్ణెల్ల నుంచీ ఇదేనా అత్తమ్మా జరుగుతున్నది?"

"అవునే, నువ్వు బడికెళ్లినప్పుడల్లా పెడుతున్నా! గవర్నమెంటు ఉద్యోగం చేసే నా కొడుక్కి కూలోళ్ల రొట్టె పెడతావా? వాడి నోట్లో నాలుగు మెతుకులు పడాలని నేను నాట్లకెళ్లి, జొన్నరొట్టె తిని బతికా. ఆ పాడు తిండి మళ్లీ వాడికెందుకే?"

సామ్యేలు తల దించుకున్నాడు. తల్లి మాట కాదనలేడు, అన్నం మీద ఆశ చంపుకోలేడు. చదువుకున్నవాడే తెలిసి తెలిసి కొరివితో తల గోక్కుంటున్నాడు.

విజయమ్మ కింద కూర్చుని భర్త కాలికట్టు విప్పింది. పెద్దావిడ బెంగపడుతుందని ఇద్దరూ దాచిన పుండు అది. వేలు నల్లబడి ఉంది.

"చూడండత్తమ్మా. అన్నం మానకపోతే ఈ వేలు తీసేస్తారంట."

"ఏదో చిన్న దెబ్బన్నారు గదే! నా చేత్తో నేనే..." నాగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూలబడింది.

విజయమ్మ కోపం ఎటు పోయిందో తెలియదు. ముసలామె వీపు నిమిరింది. "మీకు తెలియక చేశారు. దాచింది మేమేగా."

కాసేపటికి నాగమ్మ లేచింది. అన్నం పళ్లెం తీసేసి, పిండిలో వేడినీళ్లు పోసి కలిపి, రొట్టె తట్టింది. కోడలికి ఎన్నడూ రానంత పల్చగా వచ్చింది. కాల్చి కొడుకు ముందు పెట్టి, మొహం పక్కకు తిప్పుకుంది.

సామ్యేలు ఒక ముక్క నమిలాడు.

"చిన్నప్పుడు నీ రొట్టెలో ముక్క అడిగితే ఒక్కసారన్నా పెట్టేదానివి కాదు గదమ్మా. నీకంత ఇష్టమేమో అనుకునేవాణ్ణి."

"ఉండేది ఒక్కటేరా నాయనా," అంది నాగమ్మ. "అందులో ముక్క పోతే, మళ్లీ చేలోకి దిగే ఓపిక ఉండేది కాదు."

సామ్యేలుకు దుఃఖం ఆగలేదు. చేతిలో రొట్టె సగానికి తుంచి తల్లి నోటికి అందించాడు. విజయమ్మ కళ్లు తుడుచుకుని, ముగ్గురికీ సరిపడా పిండి తీసింది.