ఫ్యూజు జేబులో ఉండగానే

"మా తమ్ముణ్ని లోపటేసిండ్రు సారూ! ఆయన పోయిండు, వీడు గూడ దూరమైతే నేనెట్ల బతకాలె?" అంటూ మల్లక్క గడపలోనే కూలబడింది.

నర్సింగం గనుల్లో సేఫ్టీ ఉద్యోగం చేసి దిగిపోయాక గోదావరిఖనిలో డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాడు. నోట్‌బుక్ పట్టుకుని పక్కన కూర్చున్న సహాయకురాలు మమతకి ఆయన బుర్రంటే తగని గురి.

సంగతి ఇది. మల్లక్క భర్త ఆగయ్య గనిలో ఎలక్ట్రీషియన్. సెంటినరీ కాలనీ క్వార్టర్‌లో చేపల తొట్టి ఉంది. దాని రేకు మూతలోని పాత ట్యూబ్‌లైటు తీసేసి, బామ్మర్ది రుత్విక్ తెచ్చిన ఎల్‌ఈడీ పట్టీ బిగించాడు. మూత మళ్లీ తొట్టిమీద పెడుతూ షాక్ కొట్టి చనిపోయాడు. నాసిరకం లైటే చంపిందని ఎస్సై రుత్విక్‌ని పట్టుకుపోయాడు. చేతికి అందినవాణ్ని పట్టుకుంటే పని తొందరగా తెములుతుంది కదా!

దవాఖానలో ఇచ్చిన భర్త వస్తువులను మల్లక్క బల్లమీద పెట్టింది. బీడీకట్ట, అగ్గిపెట్టె, ఒక పింగాణీ ఫ్యూజు.

"ఈ ఫ్యూజు ఎక్కడిది?" నర్సింగం అడిగాడు.

"ఆయన జేబులది. ఇంట్ల కరెంటు పనైనా గనిల చేసినట్టే. ఫ్యూజు పీకి జేబుల ఏసుకుంటడు, ఇంకెవలూ పెట్టకుండ."

నర్సింగం ముఖం నల్లబడింది. "అయితే ఆ లైటుకు కరెంటే లేదు, మమతా."

క్వార్టర్‌కి వెళ్లి చూశారు. బోర్డులో ఫ్యూజు స్థానంలో రాగి తీగ ఉంది. శవం దగ్గర బల్బు వెలగాలని ఆ సాయంత్రం ఎవరో చుట్టారట. తొట్టిలో నీళ్లు శుభ్రంచేసే మోటరు వైరు మూత అంచు కింద నలిగి, లోపలి రాగి బయటపడింది. దాని ప్లగ్గు ఇంటి బోర్డు దగ్గర లేదు. పక్కింటి నాగరత్నం కిటికీ కింద పడి ఉంది.

మర్నాడు పొద్దున నర్సింగం అందరినీ అక్కడే కూర్చోబెట్టాడు. ఎస్సై రుత్విక్‌ని వెంటబెట్టుకొచ్చాక నర్సింగం విప్పి చెప్పాడు.

"ఆగయ్య మూతను వరండాలకు తీస్కపోయి లైటు బిగిస్తుండు. అప్పుడు ఎవలో మోటరును పక్కింటి కరెంటుకు తగిలిచ్చిండ్రు. ఆయనకా సంగతి తెల్వది. ఫ్యూజు నా జేబులనే ఉన్నది గద అన్న ధీమాతోని మూతను వైరు మీదనే దించిండు. వైరు నలిగి రేకుకు కరెంటొచ్చింది. కింద నేలంత తడి. నాగరత్నమ్మా, కిటికీల నుంచి కరెంటు తీగ ఇచ్చింది మీరే. కేక వినంగనే గుంజుకున్నరు. ఎందుకు దాచిండ్రు?"

నాగరత్నం బావురుమంది. "నేను చంపలేదండీ! అడిగితే ఇచ్చాను. అడిగిందెవరో చెప్తే ఆ మనిషి బతుకుద్దా అండీ?"

మల్లక్క నాగరత్నం చెయ్యి పట్టుకుంది. "నేనే అడిగిన... మోటరు ఆగితే చేపలు సస్తయని. ఆయన చేసేది లైటు పని గద, దీనికీ దానికీ ఏం సంబంధమనుకున్న."

మమత కలం ఆగిపోయింది. ఈ కేసు తేలకపోయినా బాగుండేదని ఆమెకి మొదటిసారి అనిపించింది.

"అక్కా, ఊకో!" రుత్విక్ అరిచాడు. "లైటు తెచ్చింది నేనే. నా మీదనే ఉండనీ సారూ!"

ఎస్సై నర్సింగం వైపు చూశాడు.

మల్లక్క కొంగుతో ముఖం తుడుచుకుని ఎస్సై ఎదుట నిలబడింది. "వాని మాట ఇనకు. మోటరు పెట్టింది నేను, నా మొగన్ని సంపుకున్నది నేను. రాయి సారూ. రాసి, మా తమ్ముణ్ని ఇడిచిపెట్టు."