చేతులు విప్పు, అన్నయ్యా!

మిట్టమధ్యాహ్నం... సూర్యుడు నడినెత్తిన భగభగ మండవలసిన వేళ! కానీ ఆకాశమంతా కారుమేఘాలు కమ్మేసి, వీధిలో బళ్లన్నీ దీపాలు వేసుకుని పోతున్నాయి. ఫెళఫెళమని ఉరుము! ఆ వెంటనే ఆసుపత్రి గోడమీద... పట్టపగలు... గుడ్లగూబ కూత! దారిన పోయేవాళ్లు తలెత్తి చూసి గబగబా అడుగులు వేశారు.

పై అంతస్తులో, నిద్ర మీద పరిశోధన చేసే డాక్టరుగారికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. కలంటే మెదడులో పుట్టే విద్యుత్తు, అంతే! కలలో చూసింది నిజమైందని ఎవరైనా అంటే ఆయనకు ఒళ్లు మండిపోయేది. "కాకతాళీయం!" అని ఒక్క మాటతో కొట్టిపారేసేవాడు. లోకాన్ని కొట్టిపారేసిన నోటితోనే సొంత చెల్లెల్నీ కొట్టిపారేశాడు మహానుభావుడు.

ఆ చెల్లెలు అదే ఆసుపత్రిలో నర్సు. జ్వరంతో కొట్టుకుంటున్న పసిబిడ్డను పుర్రెసామి అనే క్షుద్రమాంత్రికుడి ముగ్గులోంచి లాక్కొచ్చి బతికించింది. బిడ్డ బతికింది, వాడి పరువు పోయింది. "నీ నిద్రనే నీకు శ్మశానం చేస్తానే!" అని వాడు నడివీధిలో శపథం పట్టాడు. అప్పటినుంచీ ఆమె కన్ను మూస్తే చాలు... వాడే! రక్తనేత్రాలు... చంకలో కపాలం... కంఠనాళం మీద ఉక్కు వేళ్లు! లేచి అద్దంలో చూసుకుంటే మెడచుట్టూ కమిలిన గుర్తులు. పట్టు రోజురోజుకీ బిగుస్తోంది. ఇంకొక్క నిద్ర పోతే మళ్లీ లేవనని ఆమెకు తెలిసిపోయింది.

"నీ పీక నువ్వే నొక్కుకుంటున్నావే పిచ్చిమొద్దూ!" అని అన్నయ్య తేల్చేశాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. పోయి పోయి పుర్రెసామికే సవాలు విసిరాడు. "నా ల్యాబుకొచ్చి, పక్క గదిలో పడుకుని, నా కళ్లముందు చెయ్యి చూద్దాం!" వాడికి కావలసిందీ అదే.

పక్కపక్కనే రెండు గదులు. నడుమ పెద్ద అద్దం, అద్దం పక్కన తలుపు. ఒక గదిలో మంచం మీద చెల్లెలు, రెండో గదిలో పుర్రెసామి, ఇద్దరికీ తలనిండా తీగలు. ఆమె మణికట్లను డాక్టరు వెడల్పాటి పట్టీలతో మంచం కమ్మీలకు బిగిస్తున్నాడు.

"అన్నయ్యా, నీ కాళ్లకు దండం పెడతా. ఏమైనా చెయ్యి, చేతులు మాత్రం కట్టకు."

"చేతులు వదిలేస్తే నువ్వే నొక్కుకున్నావంటారే. కట్టేస్తే ఒక్క మచ్చ కూడా పడదు, చూడు. నీ భయం ఇవాళ్టితో వదిలిపోతుంది."

"మచ్చ పడితే?"

"పడదమ్మా. నేనున్నాగా!"

పాపం, ఆ "నేనున్నాగా"ను నమ్మి కళ్లు మూసుకుంది పిచ్చితల్లి! ఎన్నాళ్లనుంచో కునుకులేని ఒళ్లు... క్షణంలో నిద్ర ముంచేసింది.

పక్క గదిలో పుర్రెసామి బొటనవేలు కోసుకున్నాడు. బొటబొటా కారిన రుధిరధారతో కపాలానికి అభిషేకం చేసి, దాన్ని గుండెలమీద పెట్టుకుని వెల్లకిలా పడుకున్నాడు. పెదవులు కదిలాయి... బీజాక్షరాలు బుసకొట్టాయి... కళ్లు తేలిపోయాయి. పిడుగు పడి కిటికీలు దద్దరిల్లాయి!

తెరమీద ఇద్దరి మెదళ్ల గీతలూ వేరువేరుగా పరుగెడుతున్నాయి. చూస్తుండగానే దగ్గరయ్యాయి... పెనవేసుకున్నాయి... ఒకటే గీత!

"యంత్రం పాడైనట్టుంది," అన్నాడు డాక్టరు. తెరను అరచేత్తో ఒక తట్టు తట్టాడు.

అప్పుడు చూశాడు. చెల్లెలి మెడమీద, ఎవరూ తాకని చర్మం మీద, ఒక్కొక్కటిగా వేలి గుంటలు పడుతున్నాయి! నీలిరంగు తిరిగి, తోలు చిట్లి, దిండుమీదికి నెత్తురు చిమ్మింది. పట్టీల్లో చేతులు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. ఇంతకంటే ఏం రుజువు కావాలయ్యా! అయినా కదల్లేదు ఆ మనిషి. తర్వాత ఏమవుతుందో చూడాలనే పాడు కుతూహలం ఆయన్ని కట్టిపడేసింది. తోడబుట్టిన దాని ప్రాణం పోతుంటే రెప్పవాల్చకుండా చూస్తూ నిలబడ్డాడు, సిగ్గులేకుండా!

పుటుక్కుమని పక్కటెముక విరిగింది. నిద్రలోనే ఆమె కేక పెట్టింది.

"చేతులు రావట్లేదు! కలలో కూడా కట్టేసున్నాయి... చేతులు విప్పు, అన్నయ్యా!"

అప్పటికి దిగింది ఆయన మత్తు. "అమ్మా!" అంటూ ఒక్క ఉదుటున మీద పడి, భుజాలు పట్టి కుదిపాడు. లేవలేదు. కత్తెర అందుకుని పట్టీలు పరపరా కోశాడు. "విప్పేశా తల్లీ! కొట్టు! చంపెయ్ వాణ్ణి!" అని వెర్రెత్తినట్టు అరిచాడు. కలలేమిటి, కాకతాళీయమేమిటి... అన్నీ మరిచిపోయి అరిచాడు!

మూసిన కళ్లు మూసినట్టే... ఆ రెండు చేతులు పైకి లేచాయి. శూన్యాన్ని ఒడిసిపట్టాయి. వేళ్లు బిగిశాయి!

అద్దం అవతల పుర్రెసామి దేహం మంచంమీదినుంచి ఎగిరిపడింది. వాడి కంఠంలో పది గుంటలు! కపాలం గోడకు కొట్టుకుని తునాతునకలైంది. "వదలవే... వదలమ్మా... నీ నిద్రజోలికి రానమ్మా!" అని నిద్రలోనే గిలగిలా కొట్టుకున్నాడు. వాడు నమ్ముకున్న ఏ పిశాచమూ తొంగి చూడలేదు. అన్నాళ్లూ వాడి పట్టులో నలిగిన కోపమంతా ఆ పది వేళ్లలోకి దిగింది. చెల్లెలు మణికట్లు మెలితిప్పింది. అద్దం అవతల మెడ ఎముకలు ఫటఫటమన్నాయి! నల్లటి నెత్తురు భళ్లున కక్కుకుని, నాలుక వేళ్లాడేసి, వాడు బిగుసుకుపోయాడు. తెరమీద గీత ఒకటి ఆగిపోయింది. రెండోది కొట్టుకుంటూనే ఉంది.

చెల్లెలు కళ్లు తెరిచింది. ఆయన ఆమె కాళ్ల దగ్గర కూలబడి చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.

"చచ్చాడమ్మా వాడు! నిన్ను నమ్మనందుకు నన్ను చెప్పుచ్చుకు కొట్టు."

ఆమె మెడ తడుముకుంది. వేళ్లకంటిన నెత్తురు చూసుకుంది. చీలిన గొంతుతో నెమ్మదిగా అంది.

"వాడు నన్ను చంపాలని వచ్చాడు. చంపబోయాడు. వాడి సంగతి నాకు ముందే తెలుసన్నయ్యా. కానీ కలలో నా చేతులు పట్టుకుని ఉన్నది వాడు కాదు. తిరిగి చూశాను... నువ్వు."

ఆమె అటు తిరిగి పడుకుని, వెంటనే నిద్రపోయింది.