బేరమాడని అచ్చాయమ్మ

ఏలూరు నుంచి పెదపాడు వెళ్ళే దారిలో, చేపల చెరువులు మొదలయ్యే చోట, మూతపడిన ఐస్ ఫ్యాక్టరీ ఒకటుంది. పొద్దు వాలాక అటు రమ్మంటే ఏ ఆటో అబ్బాయీ రాడు. రెట్టింపు ఇస్తానన్నా రాడు.

ఎందుకంటే — మిషన్లు ఆగిపోయి ఏళ్ళు గడిచినా, చీకటి పడితే ఆ గేటు ముందు చల్లగా గాలి కొడుతుంది. నడి ఎండాకాలంలో కూడా. లోపల ఎవరో ఐసు దిమ్మ పగలగొడుతున్న చప్పుడు... ఠక్... ఠక్... కాసేపాగి, మళ్ళీ ఠక్.

అది అచ్చాయమ్మ అంటారు. చేపల పెట్టెల్లో ఐసు నింపే పని చేసేదట. మొగుడు తాగుడు కోసం ఇంట్లో సామాన్లు ఒక్కొక్కటే అమ్ముకుంటూ పోతే, ఆఖరికి అన్నం వండుకునే గిన్నె కూడా మిగల్లేదట. ఇంక ఆ ఇంటికి పోయి ఏం చెయ్యనని ఫ్యాక్టరీలోనే పడుకునేదట. అక్కడే ఓ రాత్రి ప్రాణం పోయింది. అప్పట్నుంచీ దారిన పోయేవాళ్ళని ఆపి మెల్లిగా అడుగుతుందట — "ఏవండీ... మా సామాన్లేమైనా కనపడ్డాయాండీ?"

అదీ మన వైపు దెయ్యం అంటే! పీక నొక్కినా, అండీ అనే నొక్కుతుంది.

ఈ కథని మా ఏలూరు పవర్‌పేటలో అందరికంటే ఎక్కువసార్లు చెప్పి, అందరికంటే గట్టిగా నవ్విన మనిషి ఉమామహేశ్వరరావు గారు. ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. దెయ్యాలంటే నమ్మకం లేదు. కానీ రిటైరయ్యాక ఆయనకి పట్టిన దెయ్యం ఇంకొకటి — ఫోన్లో పాత సామాన్లు అమ్మే యాప్.

మొదట అటక మీద పడున్న టేబుల్ ఫ్యాను అమ్మారు. అది గుమ్మం దాటిందో లేదో, చేతులు దురదపెట్టాయి. అవసరం లేనివన్నీ అమ్మడం అయిపోయాక, అవసరం ఉన్నవి కూడా లేనట్టే కనపడ్డం మొదలెట్టాయి. పొద్దున్నే కాఫీ తాగుతూ హాలంతా ఓసారి కలయజూసేవారు, కసాయివాడు మేకని చూసినట్టు. మేనల్లుడు సాయిచరణ్ ఓ మధ్యాహ్నం వచ్చి మడతమంచం మీద నడుం వాలిస్తే, "కాస్త లేవరా, ఫొటో తీసుకోవాలి" అన్నారు. వాడు మళ్ళీ ఆ ఇంటి ఛాయలకి రాలేదు.

ప్రతి ప్రకటన కిందా ఒకటే మాట రాసేవారు: "బేరం లేదు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు." ఆఫీసులో నోటీసులు రాసి రాసి అరిగిన చెయ్యి కదా మరి.

భార్య సీతారావమ్మ గారు పెదపాడు బళ్ళో టీచరు. మొదట్లో నవ్వి ఊరుకున్నారు. కుక్కరు పోయినప్పుడు ఇల్లు ఎగిరిపోయేలా కేకలేశారు. బడి నుంచి వచ్చి కాళ్ళు చాపుకునే పేము కుర్చీ పోయిన రోజు మాత్రం నోరెత్తలేదు. నేల మీద కూర్చుని, గూట్లో ఉన్న ఇత్తడి కాఫీ ఫిల్టరు చూపించారు.

"అది మా అమ్మది. అదొక్కటీ అమ్మిన రోజున నన్ను వదిలేసుకున్నట్టే. మళ్ళీ ఈ గుమ్మం తొక్కను" అన్నారు.

మర్నాడు సంచి సర్దుకున్నారు. అదే బళ్ళో కెజియా అని చిన్న టీచరుంది. పరీక్ష పేపర్లు దిద్దాలి, కొన్నాళ్ళు వాళ్ళింట్లో ఉంటానని చెప్పి వెళ్ళిపోయారు.

'పోతే పోయింది, ఇల్లు ఖాళీగా ఉంటే ఫొటోలు బాగా వస్తాయి' అనుకున్నారట మన మహానుభావుడు. ఆ ధైర్యం పగలే. రాత్రయితే ఖాళీ హాల్లో తన దగ్గు తనకే నాలుగు గోడల్లోంచీ తిరిగి వినపడేది. సీత ఎప్పుడొస్తుందా అని గేటు చప్పుడైనప్పుడల్లా తొంగి చూసేవారు. ఫోన్ చేసి రమ్మనడానికి మాత్రం పౌరుషం అడ్డొచ్చింది. గూట్లో ఫిల్టరు ఉంది కదా, అది ఉన్నంతకాలం ఎక్కడికి పోతుందిలే అని సరిపెట్టుకునేవారు.

ఇంతకీ కుక్కరు దగ్గర్నుంచీ ఆయన సామాన్లన్నీ కొంటున్నది ఒకే మనిషి. యాప్‌లో ఫొటో లేదు. పేరు అచ్చాయమ్మ. సామాను పగలు ఐస్ ఫ్యాక్టరీ గేటు దగ్గర దింపించాలి. గేటు పక్కన ఇటుక కింద ప్లాస్టిక్ కవర్లో డబ్బులుంటాయి.

అన్నిటికంటే విడ్డూరం, ఆవిడ బేరమాడదు! తక్కినవాళ్ళంతా "లాస్ట్ ఎంత సార్?" అని ప్రాణం తీసేవాళ్ళే. ఈవిడ మాత్రం ఎంతంటే అంత.

సామాను మోసే ఆటో పాపారావుకి గుండెలు పీచుపీచుమనేవి.

"సార్, పేరు చూశారా? చోటు చూశారా? మీకేం అనుమానం రావట్లేదా?"

"జిల్లాలో అచ్చాయమ్మలకి కరువొచ్చిందేంట్రా? పోనీ దెయ్యమే అనుకో. చెప్పిన రేటిచ్చి పట్టుకుపోతోంది. మనుషుల కంటే నయం కాదూ!"

"అది కాపురం పెడుతోంది సార్. మంచం కొంది, కుక్కరు కొంది, కుర్చీ కొంది..." పాపారావు గొంతు తగ్గించాడు. "ఇంక దానికి కావాల్సింది మొగుడొక్కడే."

ఉమామహేశ్వరరావు గారు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు అట్టే రోజులు నిలవలేదు.

ఓ సాయంత్రం మెసేజ్ వచ్చింది. "మీ ఇంట్లో ఇత్తడి కాఫీ ఫిల్టరు ఉందాండీ?"

ఫిల్టరు ఫొటో ఆయన ఎప్పుడూ పెట్టలేదు. అది ఉన్నట్టు ఈవిడకెలా తెలుసు? లేదు అని రాసెయ్యాలి. సగం రాశారు కూడా. అంతలో ఇంకో మెసేజ్ — "ఎంతైనా ఇస్తానండీ."

ఏం చెప్పమంటారు! దురద అంటే అదే. ఇత్తడి ఇత్తడే కదా, సీత వచ్చేలోగా అలాంటిదే ఇంకోటి కొని గూట్లో పెట్టేస్తే ఎవరు పోల్చుకుంటారు? రాసిన 'లేదు' చెరిపేసి, 'ఉంది' అని కొట్టారు.

"రేపు చీకటి పడ్డాక తీసుకురండి. మీరే రండి. ఒక్కరే."

పాపారావుకి ఫోన్ చేస్తే, మీకో దండం సార్ అని పెట్టేశాడు. మర్నాడు చీకటి పడగానే ఆయనే స్కూటరు తీశారు. ఫిల్టరుని తువ్వాల్లో చుట్టి, ముందు డిక్కీలో పెట్టుకుని బయల్దేరారు.

ఊరు దాటాక దారికి అటూ ఇటూ చెరువులే. చెరువుల్లో గాలి కొట్టే మిషన్లు బడబడలాడుతున్నాయి. ఆ చప్పుడు ఉన్నంతసేపూ ఆయన కూనిరాగం తీస్తూనే ఉన్నారు. ఫ్యాక్టరీ మలుపు తిరిగేసరికి — కరెంటు పోయింది. మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. కూనిరాగం కూడా.

చల్లగా గాలి కొట్టింది. నిజంగానే.

గేటు పక్కన ఇటుకల మీద ఎవరో కూర్చున్నారు. తల మీంచి కొంగు కప్పుకుని... కదలకుండా.

"తెచ్చారాండీ?" గుసగుసగా అడిగిందామె.

ఆయన తువ్వాలు విప్పి ఫిల్టరు ముందుకి చాపారు. అందుకున్న వేళ్ళు ఆయన వేళ్ళకి తగిలాయి. అమ్మో... ఐసు!

ఆమె ఫిల్టరుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. మూత తీసింది, పెట్టింది. "బాగుందండీ" అంది. ఏదో నోటు ఆయన చేతిలో కుక్కింది. చూసుకునే ధైర్యం ఎక్కడిది? జేబులో పడేసి స్కూటరు దగ్గరికి పరిగెత్తారు. కిక్కు కొట్టారు. మళ్ళీ కొట్టారు. చెప్పు జారి బురదలో పడింది గానీ, స్కూటరు మాత్రం స్టార్టవలేదు.

వెనక్కి తిరిగి చూశారు. ఇటుకల మీద ఎవరూ లేరు.

ఫ్యాక్టరీ వెనకాల, ఒకప్పుడు మేనేజరుండే ఇంట్లో మాత్రం దీపం వెలుగుతోంది. ఎవరో ఒకరు మనుషులుంటే చాలు బాబూ అనుకుంటూ, ఒంటి చెప్పుతో అటు నడిచారు. కిటికీలోంచి తొంగి చూశారు.

చూసి, ఊచలు పట్టుకుని అలాగే ఉండిపోయారు.

లోపలున్నది ఆయన హాలే! పేము కుర్చీ, ఆయన అమ్మిందే. పక్కన మడతమంచం, దాని మీద అదే నీలం గళ్ళ దుప్పటి. గోడకి ఆయన గడియారం. మూల చిన్న బల్ల మీద ఆయన కుక్కరు. పవర్‌పేటలో ఏది ఎక్కడుండేదో అదక్కడే ఉంది. పాపారావు మాట గుర్తొచ్చింది. మంచం, కుక్కరు, కుర్చీ... ఇంక కావాల్సింది —

"బాబోయ్! నాకు పెళ్ళయిందండీ!" అని అరిచారు.

"ఎప్పుడో అయింది. నాకు తెలీకపోతే కదా" అంది లోపలి గొంతు.

తలుపు తీసుకుని, చేతిలో దీపంతో బయటికొచ్చారు సీతారావమ్మ గారు.

ఆయన నోటికి వచ్చిన మొదటి మాట — "ఇదేంటే, ఇక్కడున్నావ్?"

"ఇది నా ఇల్లు. కెజియా వాళ్ళ నాన్న సత్యానందం గారిది ఈ ఫ్యాక్టరీ. దెయ్యం ఉందని ఈ ఇంట్లో ఎవరూ చేరట్లేదట, నన్నుండమన్నారు. మీరు అమ్మినవన్నీ నా జీతంతో నేనే కొనుక్కున్నాను."

"ఆ అచ్చాయమ్మ..."

"నేనే. కెజియా ఫోన్లోంచి. ఆ పేరు చూస్తే భయపడైనా అమ్మడం మానేస్తారని పెట్టించాను. మీరు భయపడితేగా! డబ్బులు వస్తుంటే దెయ్యానికైనా పెళ్ళాం సామాను అమ్మేస్తారు." ఆవిడ లోపలున్న పేము కుర్చీ వైపు ఓసారి చూశారు. "ఈ ఒక్కటి అమ్మనంటారని ఆశపడ్డానండీ. లేదు అని ఒక్క ముక్క రాస్తే, పొద్దున్నే ఇల్లంతా ఆటోలో వేసుకుని వచ్చేద్దామనుకున్నా."

ఆయనకి ఏడుపొచ్చింది. అబద్ధమెందుకు, ఏడ్చేశారు. "తప్పయిపోయింది సీతా. ఆ యాప్ ఇప్పుడే తీసేస్తా. ఇంటికి పోదాం పద."

ఆవిడ మెత్తబడ్డారు. "సరే, ముందు లోపలికి రండి. ఆ ఫిల్టరిలా ఇవ్వండి, డికాక్షన్ వేస్తాను."

"ఇచ్చాను కదే. ఇందాక గేటు దగ్గర."

"ఎవరికి?"

"నీకే! కొంగు కప్పుకుని కూర్చున్నావుగా ఇటుకల మీద."

"నేను గేటు దగ్గరికే రాలేదండీ. పాలు పొంగుతాయని స్టవ్ ముందే నిలబడ్డాను."

"అయితే కెజియా..."

"తను పొద్దున్నే ఊరెళ్ళింది, వాళ్ళ పిన్నిగారింటికి."

ఆయన మెల్లిగా జేబులో చెయ్యి పెట్టారు. నోటు తీసి దీపం దగ్గర పట్టారు. తడిసి, చల్లగా, చేపల వాసన కొడుతోంది. పాత అయిదొందల నోటు. ఎప్పుడో రద్దయిపోయిన నోటు.

ఇన్నాళ్ళకి ఆయన్ని ఒకరు మోసం చేశారు. అదీ బేరమాడకుండా.

సీతారావమ్మ గారు దీపంతో సహా గుమ్మంలోకి ఓ అడుగు వెనక్కి వేశారు. అయినా ఆవిడ మాట మాత్రం గట్టిగానే వచ్చింది. "అది మా అమ్మది. వెళ్ళి తెండి. అది లేకుండా నా గుమ్మంలోకి రాకండి."

తలుపు పడింది. లోపల గడియ కూడా.

ఉమామహేశ్వరరావు గారు ఒంటి చెప్పుతో ఫ్యాక్టరీ వైపు నడిచారు. పెద్ద తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల చీకటి. ఆ చీకట్లో... ఠక్... ఠక్... కాసేపాగి, మళ్ళీ ఠక్. ఆ వెంటనే, కమ్మటి వాసన ఒకటి ఆయన ముక్కుకి తగిలింది. అప్పుడే దిగిన కాఫీ డికాక్షన్ వాసన.

నోటు పట్టుకున్న చెయ్యి ముందుకి చాపి, ఆయన పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ ఎవర్నీ బతిమాలనంతగా బతిమాలారు.

"ఏవండీ... అచ్చాయమ్మ గారూ... మీ డబ్బు మీకిచ్చేస్తానండీ. మా ఆవిడ ఫిల్టరు... దయచేసి..."

ఠక్ ఆగిపోయింది.

చెరువుల మీద ఒక్క చప్పుడు లేదు. చల్లగాలి ఆయన చెవి దగ్గరికొచ్చి ఆగింది. మెల్లిగా, ఎంతో మర్యాదగా చెప్పింది —

"అమ్మిన సరుకు... వాపసు తీసుకోబడదండీ."