ముప్ఫై ఫారాలు, ఒక స్క్రూ

"ఈ డెబ్బై రెండేళ్ల బామ్మగారికి ట్రాలీ షాట్లంటే ప్రాణమట. నిజమేనా?"

అడిగింది నా ప్రాజెక్టు పార్ట్‌నర్ స్కానర్. నా మొహం చూడకుండా, చేతిలోని ఫారం వంకే చూస్తూ అడిగింది.

"బామ్మల్లో కూడా సినిమా పిచ్చి ఉన్నవాళ్లుంటారు" అన్నాను, వీలైనంత ధీమాగా.

"ఉంటారు. ట్రాలీ అంటే కెమెరాని తోసే బండి అని తెలిసిన బామ్మలు ఎంతమంది ఉంటారా అని..."

కళ్లజోడు ముక్కు మీద కొంచెం పైకి తోసుకుని ఇంకో ఫారం తీసింది.

సంగతేమిటంటే, మా ఫిల్మ్ కోర్సులో రెండో ఏడాది వాళ్లు ఇద్దరిద్దరుగా కలిసి ఒక థ్రిల్లర్ ఓపెనింగ్ తియ్యాలి. సినిమా మొత్తం కాదు, మొదటి రెండు నిమిషాలే. సగం మార్కులు ఆ రెండు నిమిషాలకి. మిగతా సగం ప్లానింగ్‌కి, రీసెర్చ్‌కి. అంటే జనాన్ని ప్రశ్నలడగాలి, ఇతరుల ఓపెనింగులు చూసి నోట్సు రాయాలి, అన్నీ ఒక ఫైల్లో పెట్టి మేడంకి ఇవ్వాలి. నాలాంటి పుట్టు డైరెక్టర్‌కి ఫైలేమిటండీ! క్లాసులో అందరూ నన్ను డైరెక్టర్ అనే పిలుస్తారు. ఆ పేరు నేనే పెట్టుకున్నాననుకోండి, అది వేరే విషయం.

మేడం లాటరీ తీస్తే నాకు స్కానర్ పడింది. బాటిల్ మీద లేబుల్ కనిపించినా చివరి అక్షరం దాకా చదివే అమ్మాయి కాబట్టి ఆ పేరు.

మొదటి మీటింగులోనే నా ఓపెనింగ్ కళ్లు మూసుకుని మరీ వినిపించాను. జోరున వాన. పాడుబడ్డ బిల్డింగు. తెల్ల డ్రెస్సులో ఒక అమ్మాయి ఒట్టి కాళ్లతో పరిగెడుతూ వెనక్కి చూస్తుంది, పడిపోతుంది, కెవ్వుమంటుంది. టైటిల్.

"ఎందుకు పరిగెడుతోంది?" అంది స్కానర్.

"భయంతో."

"వెనక్కి చూస్తే పడిపోతుందిగా?"

"పడిపోవాలి."

"చెప్పులేవి?"

"అది సింబాలిజం. నీకర్థం కాదు."

"అవును, గుచ్చుకునేది ఆ అమ్మాయి కాలికి కదా" అని రాసుకుంది.

చివరికి పని పంచుకున్నాం. ఇరవై థ్రిల్లర్ ఓపెనింగులు చూసి నోట్సు రాయడం తనది. ముప్ఫై మంది చేత ప్రశ్నల ఫారాలు నింపించడం నాది. జనాన్ని అడిగేదేముంది? వాళ్లకేం కావాలో వాళ్లకన్నా నాకే బాగా తెలుసు. అందుకని కాంటీన్‌లో కూర్చుని, ఒకే మధ్యాహ్నం, నాలుగు రంగుల పెన్నులతో ముప్ఫై ఫారాలూ నేనే నింపేశాను. చేతిరాత తేడాగా ఉండాలని కొన్ని ఎడమ చేత్తో కూడా రాశాను. ఆ కష్టాన్ని గుర్తించేవాళ్లేరీ?

"ముప్ఫై మందికీ వాన కావాలి" అంది స్కానర్, ఫారాలన్నీ బల్ల మీద పరిచి. "ముప్ఫై మందికీ తెల్ల డ్రెస్సు అమ్మాయి కావాలి. ఏడో ప్రశ్న, మీకు నిజంగా భయం వేసిన సందర్భం ఏది? ముప్ఫై మందీ 'చీకటి' అని రాశారు. వాళ్లలో పదకొండు మంది ఎడమ చేత్తో రాశారు. ఏ ఊళ్లో దొరికారు డైరెక్టర్ గారూ వీళ్లంతా?"

నేను నాలుగు రంగుల పెన్నులూ జేబులోకి తోసేశాను.

తను కళ్లజోడు తీసి తుడుచుకుంది. అప్పటిదాకా వెటకారంగా ఉన్న గొంతు మామూలుగా అయిపోయింది.

"నేను ఇరవై ఓపెనింగులూ మూడేసి సార్లు చూశాను. మొదటి చప్పుడు ఎన్నో సెకనులో వస్తుందో కూడా రాశాను. నువ్వు చదువుతావని రాశాను." ఫారాలు దొంతి పెట్టి నా ముందుకి తోసింది. "శుక్రవారం లోపు ముప్ఫై నిజం ఫారాలు కావాలి. లేకపోతే మేడంకి చెప్పి పార్ట్‌నర్‌ని మార్చుకుంటా."

పార్ట్‌నర్ లేకపోతే సినిమా లేదు. సినిమా లేకపోతే ఈ ఏడాది మళ్లీ చదవాలి. నాకు ముందు గుర్తు రావలసింది అదే. కానీ ఆ రోజంతా నన్ను తిననివ్వనిది మాత్రం, "నువ్వు చదువుతావని" అన్న ఆ మాట. ఆ సాయంత్రం తన నోట్సు మొదటి పేజీ నుంచి చదివాను. నా వానా, నా తెల్ల డ్రెస్సూ అప్పటికే ఆ ఇరవైలో పదమూడింట్లో ఉన్నాయి. ఒక్కసారిగా గాలి తీసేసినట్టయింది.

మర్నాటి నుంచి ఫారాలు పట్టుకుని రోడ్డున పడ్డాను. నా మీద నమ్మకం ఎంతుందంటే, పక్కనే స్కానర్ కూడా వచ్చింది.

"నిఘానా?" అన్నాను.

"కాదు, ఎడమ చెయ్యి కాపలా."

జనం ఎంత భయస్తులో నాకు అప్పుడు తెలిసింది. ఒక్కరు కూడా చీకటి అనలేదు. బస్సు కండక్టర్, "చివరి స్టాపులో కూడా దిగకుండా కూర్చున్న మనిషి" అన్నాడు. పళ్ల డాక్టర్ దగ్గర చీటీలు రాసే ఆవిడ, "ఒక పేరు పిలిస్తే ఇద్దరు లేచారు. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుని కూర్చున్నారు. నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది" అంది. నేను నోరు వెళ్లబెట్టి వింటుంటే స్కానర్ నా మోచేతిని పొడిచింది.

"రాసుకో. డైరెక్టర్లు కూడా రాసుకుంటారు."

శుక్రవారం మధ్యాహ్నానికి ఇరవై తొమ్మిదయ్యాయి.

"మీ నాన్నగారిని అడిగావా?" అంది.

"మా నాన్ననా? కళ్లజోళ్ల షాపు ఆయనకి సినిమాల సంగతేం తెలుస్తుంది?"

"ఫారం మీద 'డైరెక్టర్లకు మాత్రమే' అని రాసి లేదే."

శనివారాలు ఆ షాపు కౌంటర్లో కూర్చోవడం నా ఖర్మ. అక్కడ నేను స్క్రిప్టులో తల దూర్చి, వచ్చినవాళ్ల మొహం కూడా చూడను. ఈ టర్మ్‌లో స్కానర్ కూడా కళ్లజోడు స్క్రూ వదులైందని కొన్నిసార్లు వచ్చింది. అప్పుడూ నేను తలెత్తలేదు. పెద్ద సినిమా రాస్తున్నాను మరి.

అప్పటికప్పుడు ఇద్దరం షాపుకి వెళ్లాం. నాన్న ఏడో ప్రశ్న చదివి, చేతిలోని ఫ్రేము కింద పెట్టారు.

"చాలా ఏళ్ల కిందట ఒకాయన కళ్లజోడు బాగు చెయ్యమని ఇచ్చాడు. అద్దాలు తుడిచి చూస్తే పవర్ లేదు. ఉత్త గాజు. వారం తిరక్కుండా ఇంకో ఫ్రేముతో వచ్చాడు. అదీ ఉత్త గాజే. మూడోసారి నాకు అర్థమైంది. ఆయన కళ్లజోడు పెట్టుకునేది చూడ్డానికి కాదురా, మనం ఆయన్ని గుర్తుపట్టకుండా ఉండడానికి. ఆయన అక్కడే, ఇప్పుడు నువ్వు నిలుచున్నచోటే నిలుచుని నవ్వుతూ చూస్తున్నాడు. 'రెడీ అయింది సార్' అని ఇచ్చేశాను."

నేనూ స్కానర్ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం. నాన్నా నేనూ ఇరవై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. నేను ఆయన్ని ఒక్క ప్రశ్న అడిగితే కదా! నాకు నిజంగా సిగ్గేసింది.

తర్వాతి వారం ఆ షాపులోనే తీశాం. నాన్న చేతులు, మెత్తటి గుడ్డ, పవర్ లేని అద్దం, అద్దంలోంచి కౌంటరు అవతల నవ్వుతున్న నోరు. అంతే. సరిగ్గా అదే రోజు బయట జోరున వాన మొదలైంది. నా చెయ్యి దానంతటదే కెమెరా మీదకి వెళ్లింది. స్కానర్ కళ్లజోడు పైనుంచి చూసింది. చెయ్యి వెనక్కొచ్చింది.

మేడం మా రెండు నిమిషాలూ రెండుసార్లు చూశారు. "ఎవరి ఐడియా ఇది?" అన్నారు.

నాదే అనడానికి నోరు సగం తెరిచాను. "ముప్ఫయ్యో ఫారంది మేడం" అన్నాను. స్కానర్ తల తిప్పుకుంది గానీ, నవ్వు నాకు కనిపించింది. ఆ నవ్వు కోసం ఇంకో మూడొందల ఫారాలు నింపించమన్నా తిరిగేవాణ్ణి.

మార్కులొచ్చేశాయి. ప్రాజెక్టు అయిపోయింది. ఇక కలవడానికి సాకు ఏముంది? శనివారం కౌంటర్లో కూర్చుని, స్క్రిప్టు లేకుండా, గుమ్మం వంక చూస్తూ ఉన్నాను.

"అంకుల్, స్క్రూ వదులైంది" అంటూ వచ్చింది స్కానర్.

"నా చేతులు ఖాళీ లేవమ్మా" అన్నారు నాన్న, ఖాళీ చేతులతోనే. "మావాడు బిగిస్తాడు."

కళ్లజోడు తీసుకుని స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పాను. స్క్రూ కదల్లేదు. ఇంకోవైపు చూశాను. అదీ కదల్లేదు.

"గట్టిగానే ఉందే?"

స్కానర్ చెవులు ఎర్రబడ్డాయి.

"మొదటిసారి నిజంగానే వదులైంది" అన్నారు నాన్న, డబ్బాలు సర్దుకుంటూ. "తర్వాత మూడుసార్లూ గట్టిగానే ఉంది. ఉత్త గాజు కనిపెట్టినవాణ్ణి, ఆ మాత్రం నాకు తెలీదా? నువ్వెప్పుడు తలెత్తుతావా అని నేనూ చూస్తున్నా. అమ్మా, వీడు కాస్త మొద్దు. అయినా చెడ్డవాడు కాదు." ఆ మాట అనేసి లోపలి గదిలోకి వెళ్లిపోయారు.

"అంటే నీది కూడా ఫోర్జరీయే!" అన్నాను.

"నాది మూడుసార్లు. నీవి ముప్ఫై" అంది.

నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందో, లోపల నాన్నకి కూడా వినపడే ఉంటుంది. సొరుగులోంచి ఒక ఖాళీ ఫారం తీసి, నిజంగా భయం వేసిన సందర్భం ఏదని అడిగే ఏడో ప్రశ్న కింద రాసి ఇచ్చాను. తన కళ్లజోడు ఇంకా నా చేతిలోనే ఉంది. కాగితాన్ని ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని, అక్షరం అక్షరం చదివింది.

"పార్ట్‌నర్‌ని మార్చుకుంటానని నువ్వన్నప్పుడు. సినిమా పోతుందని కాదు. నువ్వు పోతావని."

"ఏ చేత్తో రాశావు?"

"కుడి చేత్తో. చూస్తూనే ఉన్నావుగా."

"కళ్లజోడు లేదు, కనపళ్లేదు" అంటూ పెన్ను లాక్కుంది. ఇంకో ఫారం తీసుకుని, కౌంటరు మీద వంగి, ఏడో ప్రశ్న దగ్గర రాసి నా వైపు తిప్పింది.

"ఇందాక, ఆ స్క్రూ తిరగనప్పుడు."