తొంభై ఆరో ఫ్రేము

ల్యాబులో అందరూ ఆమెను దుమ్మక్క అనేవారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆమె కూడా నవ్వుతూ పలికేది. పాత సినిమాల మీద పడ్డ దుమ్మూ గీతలూ మరకలూ ఒక్కొక్కటిగా తుడవడం ఆమె ఉద్యోగం. ఇరవై ఏళ్లుగా అదే నేలమాళిగ, అదే కుర్చీ, ఎముకలు కొరికే అదే ఏసీ. పాత నెగటివు డబ్బా మూత తీస్తే పుల్లటి వాసన గుప్పున ముక్కుకు కొడుతుంది. కొత్తగా చేరినవాళ్లు బయటికి పరుగెత్తేవారు. దుమ్మక్కకు మాత్రం ఆ వాసన లేని ఆదివారాలే ఏదోలా ఉండేవి.

ఆ పనికి సూత్రం ఒకటే. సినిమా అంటే వరసగా పేర్చిన ఫొటోలు, సెకనుకు ఇరవై నాలుగు. ఒక్కో ఫొటో ఒక ఫ్రేము. ఏదైనా మచ్చ ఈ ఫ్రేములో ఉండి, పక్క ఫ్రేములో ఆ చోటగానీ దాని దాపునగానీ లేకపోతే అది దుమ్ము. తుడిచెయ్యాలి. ఉంటే అది బొమ్మ. ముట్టుకోకూడదు. తుడిచిన ప్రతి మచ్చనూ ఫ్రేము నంబరుతో సహా 'చెత్తబుట్ట' అనే ఫైల్లో దాస్తారు, రేపెవరైనా పేచీ పెడితే చూపించడానికి. ఇన్నేళ్లలో ఎవరూ పెట్టలేదు. దుమ్మక్క చెయ్యి అంత నమ్మకమైనది.

నిజానికి ఆమె ఈ ఉద్యోగంలో చేరింది అమ్మ ముఖం చూడడానికి.

ఆమె పది నెలల పిల్లగా ఉన్నప్పుడు అమ్మ షూటింగుకు వెళ్లి తిరిగి రాలేదు. అమ్మా పిన్నీ ఇద్దరూ గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టులు. ఇంట్లో ఉన్న ఒక్క ఫొటోను వెతకడానికని పోలీసుస్టేషనులో ఇచ్చారు, అదీ తిరిగి రాలేదు. పెంచింది పిన్నే. అమ్మ ఎలా ఉండేదని అడిగినప్పుడల్లా పిన్ని ఒకటే చెప్పేది. "మేమిద్దరం కనబడే ఆ సినిమాలో రైల్వే ప్లాట్‌ఫారం సీను ఉంది చూడూ, మూడో స్తంభం పక్కన, చేతిలో మడిచిన గొడుగు. అదే మీ అమ్మ. ఆ పక్కన సగం కనబడేది నేను."

సీను నాలుగు సెకన్లు. తొంభై ఆరు ఫ్రేములు. ఇంట్లో డబ్బా టీవీ ఉన్న రోజుల్లో మూడో స్తంభమే సరిగ్గా కనిపించేది కాదు. దుమ్మక్క ఉద్యోగంలో చేరిన ఏడాది ఆ సినిమా టూకేలో, అంటే అప్పటికి దొరికే అతి స్పష్టమైన బొమ్మగా, శుభ్రం చేయడానికి వచ్చింది. అప్పుడు అమ్మ ముఖం బియ్యపు గింజంత తెల్లగా కనబడింది. పదేళ్లకు థియేటర్లలో ఇంకా స్పష్టమైన ఫోర్‌కే వచ్చింది, మళ్లీ అదే నెగటివు వచ్చింది. ఈసారి ముక్కు తెలిసింది, కనుబొమలు తెలిశాయి. కళ్లు మాత్రం రెండు నీడలు. కళ్లు లేని ముఖం ముఖమవుతుందా? ఆమె ఆ రోజు బాత్రూములోకి వెళ్లి ఏడ్చింది. తర్వాత గోడంత టీవీలు ఇళ్లలోకి వచ్చాయి. ఎయిట్‌కే వస్తుందన్నారు. వస్తుంది వస్తుందని మరో పదేళ్లు గడిపారు.

"హీరో బుగ్గ మీద గుంటలు లెక్కపెట్టుకోవడానికా ఇదంతా?" అని పిన్ని వెక్కిరించేది.

"నాకు కావలసిన ముఖం వేరే ఉంది పిన్నీ."

ఆ మాట వింటే పిన్ని లేచి వేరే పని చూసుకునేది. ఒకసారి మాత్రం తలుపు దగ్గర ఆగి, "అంత పెద్దది చేసి చూడకే" అంది మెల్లగా. ఎందుకని అడిగేలోపే వంటింట్లోకి వెళ్లిపోయింది.

చివరికి ఎయిట్‌కే వచ్చింది, దాంతో అదే నెగటివు మళ్లీ ల్యాబుకు వచ్చింది. మధ్యాహ్నం, అందరూ భోజనాలకు పైకి వెళ్లిన వేళ. దుమ్మక్క క్యారియరు విప్పకుండా పక్కకు నెట్టి, లైటు ఆపి, ప్లాట్‌ఫారం సీను తెరిచింది. మూడో స్తంభం. గొడుగు. ముఖాన్ని తెర నిండా పెద్దది చేసింది.

అమ్మ.

తన గడ్డమే. తన చెవులే. ఎడమ కనుబొమలో తనకున్నట్టే చిన్న గాటు. ఇరవై ఏళ్లుగా ఎదురుచూసిన ముఖం చేయి చాపితే అందేంత దగ్గరగా ఉంది. దుమ్మక్క తెర మీద అరచెయ్యి ఆనించి, పిచ్చిదానిలా నవ్వింది. చాలాసేపు కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

తర్వాత గానీ ఆ ముఖంలో ఏముందో ఆమెకు తెలియలేదు.

అమ్మ రైలును చూడడం లేదు. ముఖం కదపకుండా నిలబడి ఉంది గానీ, నల్లగుడ్లు రెండూ కంటి చివరకు జరిగిపోయి ఉన్నాయి. తల తిప్పకుండా వెనక్కి చూడాలని తంటాలు పడే మనిషిలా. పెదవులు ఏదో అంటున్నట్టు కాస్త తెరుచుకున్నాయి. పై పెదవి మీద చెమట.

భుజం మీద చిన్న మచ్చ ఉంది. పక్క ఫ్రేము చూసింది. ఆ చోట లేదు. దుమ్మే. అలవాటుకొద్దీ తుడిచే పెన్ను మచ్చ మీదికి వెళ్లింది... ఆగింది.

మచ్చకు గోరు ఉంది.

ఆమె ఒక్కో ఫ్రేమూ జరుపుతూ పోయింది. ఒక ఫ్రేములో మచ్చ మోచేతి దగ్గర. తర్వాతి దాంట్లో మెడ వెనక. ఆ తర్వాత గొడుగు కొనకు అటుపక్క. ఏ రెండు ఫ్రేముల్లోనూ ఒక చోట లేదు. ఇరవై ఏళ్లుగా అందుకే కదా తుడిచింది...

పాత పనుల చెత్తబుట్టలు వెతికి తీసింది. తుడిచిన మచ్చలు మాత్రమే, నల్లటి తెర మీద, వరసగా నడిపించింది. విడివిడిగా చూస్తే దుమ్ము. వరసగా వదిలితే అన్నీ కలిసి ఎత్తుగా, సన్నగా ఒక ఆకారం. టూకే నాటి చెత్తబుట్టలో అది ప్లాట్‌ఫారం చివర గోడ దగ్గర నిలబడి ఉంది. ఫోర్‌కే నాటికి రెండో స్తంభం దాటింది. నెగటివు ఒక్కటే. షాటు ఒక్కటే. ఇప్పుడు అమ్మ భుజం మీద...

తాను తుడిచిన ప్రతిసారీ అది ఒక అడుగు ముందుకు వచ్చింది.

పెన్ను కింద పెట్టేసింది. అయినా చివరి ఫ్రేము చూడకుండా లేవలేకపోయింది. తొంభై అయిదులో మచ్చ అమ్మ చెవి పక్కన. తొంభై ఆరులో... లేదు. ఎక్కడా లేదు. అంగుళం అంగుళం వెతికింది. అమ్మ నల్లగుడ్లు మాత్రం కంటి మధ్యకు వచ్చేశాయి. సూటిగా ఇటే చూస్తోంది. దుమ్మక్కను కాదు. ఆమె భుజం పైనుంచి, వెనక్కి.

గదిలో పుల్లటి వాసన పెరిగింది. నెగటివు డబ్బా మూసే ఉంది.

ఆమె వెనక్కి తిరగలేదు. ఫోనుతో అమ్మ ముఖాన్ని ఒక ఫొటో తీసుకుని, మెట్ల వైపే చూస్తూ బయటికి వచ్చేసింది. ఎండలో నడుచుకుంటూ ఇంటికి చేరింది. దారిలో ఒక్క దుకాణం అద్దంలోకీ చూడలేదు.

పిన్ని కిటికీ దగ్గర కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. వేళకాని వేళ వచ్చిన పిల్ల ఆ ఫొటో తెరిచి ఫోను చేతికిచ్చింది. పిన్ని దాన్ని అందుకుని, కళ్లజోడు సర్దుకుని, అక్క ముఖం వంక చూస్తూ ఉండిపోయింది. బఠాణీలు ఒడిలోంచి నేలమీదికి దొర్లాయి.

"ఆ రోజు అమ్మ నీతో ఏదో అంది కదూ" అంది దుమ్మక్క. "పెదవులు కదిలాయి. చూశాను."

పిన్ని ఫోను ఒడిలో బోర్లించింది.

"కెమెరా తిరుగుతోందే. తల తిప్పితే షాటు పోతుంది, మళ్లీ పిలవరు. మా ఇద్దరికీ అదే కూడు. మీ అమ్మ పెదవులు కదిపీ కదపకుండా అడిగింది, 'చెల్లీ, నా వెనక ఎవరైనా ఉన్నారా?' అని. నేను చూడలేదు. చూడకుండానే 'ఎవరూ లేరక్కా' అన్నాను." చెంగుతో నోరు అదుముకుంది. "కట్ అన్నారు. తిరిగి చూశాను. గొడుగు కింద పడి ఉంది. అంతే."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. గది నిండా ఎండ ఉంది. అయినా దుమ్మక్క మెడ మీద ఏసీ చలి అలాగే ఉంది, ఆ పుల్లటి వాసన మెట్లెక్కి తనతోనే వచ్చినట్టు.

"పిన్నీ" అంది, కదలకుండా. "నా వెనక ఎవరైనా ఉన్నారా?"

పిన్ని తల ఎత్తింది. ఈసారి చూసింది. కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్లీ చూసింది.

"ఎవరూ లేరమ్మా" అంది.

కానీ ఆ మాట అంటున్నప్పుడు పిన్ని చూపు దుమ్మక్క ముఖం మీద లేదు. ముందు ఎడమ భుజం మీద ఆగింది. తర్వాత తల పైన. తర్వాత కుడి చెవి దగ్గర... మళ్లీ మోచేతి పక్కన...

ఏ చోటా రెండోసారి ఆగలేదు.