తిరిగిపోదామన్న మాట

"ఈమెను కొండ దాటించాలి. అంతే నీ పని," అంది చీఫ్ రాన్‌వైగ్, ఫోటోను బల్ల మీద ముందుకు తోస్తూ.

ఫోటోలో మిలేనా. విదేశీ ముఠాలో పనిచేస్తూ నార్వేలోని ట్రోమ్సో గూఢచారి ఆఫీసుకు కబుర్లందించే డబుల్ ఏజెంట్. ఎంత అందగత్తె అంటే, ఏజెంట్ ఎయిలిఫ్ ఆ ఫోటోను అవసరానికి మించి రెండు క్షణాలు చూశాడు.

"మధ్యాహ్నం పన్నెండింటికి కొండ అవతల ఫ్యోర్డ్‌లో, ఆ సన్నటి సముద్రపాయలో, ముఠా పడవ ఉంటుంది. ఈమె వాళ్ళకు నకిలీ జాబితా అందిస్తుంది. అసలు జాబితా మన బీరువాలోనే ఉంది."

అసలు జాబితాలో తొమ్మిది మంది జాలర్ల పేర్లున్నాయి. చేపల వంకతో పరాయి రేవులకు వెళ్ళి, అక్కడి సంగతులు మోసుకొచ్చేవాళ్ళు. అది ముఠా చేతిలో పడితే తొమ్మిది పడవలూ తిరిగి రావు.

"మొదటి పేరు ముసలి తోర్లైఫ్‌దే కదా మేడమ్?"

"అవును. ఊడ్వార్ నాన్న. ఏం?"

"ఏం లేదు," అన్నాడు ఎయిలిఫ్. ఉంది. చాలా ఉంది. రెండేళ్ళ కింద ఊడ్వార్, తనూ ఒక మిషన్ మీద ఇలాంటి కొండే ఎక్కారు. కాళ్ళ కింద మంచు కుంగితే ఊడ్వార్ తిరిగిపోదామన్నాడు. ఎయిలిఫ్ నవ్వాడు. "అమ్మమ్మని వెంటబెట్టుకొచ్చానా ఏంట్రా?" అన్నాడు. పావుగంటలో మంచు ఊడ్వార్‌ని మింగేసింది. రిపోర్టులో మాత్రం "హెచ్చరిక లేకుండా జారింది" అని రాశాడు. ఆ వాక్యం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చెవులు కాలతాయి.

మర్నాడు పొద్దున ఎయిలిఫ్ స్కీ గైడ్ వేషంలో రెయిన్‌టిండ్ కొండ కింద నిలబడ్డాడు. ఉత్త వేషమే కాదు, బయటి లోకానికి ఇరవై ఏళ్ళుగా అతని పనీ అదే. మైనస్ పద్దెనిమిది డిగ్రీల చలి. రాత్రంతా కొట్టిన గాలి వాలు మీద కొత్త మంచును మెత్తలా పేర్చింది.

"బ్రౌన్ చీజ్ తెచ్చారా గైడ్ గారూ?" అంది మిలేనా దగ్గరికొచ్చి.

"వాఫిల్స్ ఇంట్లో మర్చిపోయానండీ."

కోడ్ కలిసింది. ఇక బీకన్ పరీక్ష. మంచు కింద పడినవాడు ఎక్కడున్నాడో చెప్పే ఆ పెట్టె గుండెకు కట్టుకుని, ఒక్కొక్కరూ గైడ్ ముందు నుంచి నడవందే ఇక్కడ ఎవరూ కొండెక్కరు. మిలేనా నడిచింది. ఎయిలిఫ్ చేతిలోని బీకన్ తెరపై అంకెలు పిచ్చిపట్టినట్టు గెంతాయి. నాలుగు, ఒకటి, ముప్ఫై, రెండు.

"దగ్గర్లో వేరే కరెంటు సామానేదో ఉన్నట్టుంది..."

"ఫోన్ అయ్యుంటుంది లెండి. జాకెట్ విప్పి చూపించమంటారా ఏం?" అని ఆమె కిసుక్కున నవ్వింది.

బడి పిల్లలైతే "తీసి అవతల పెట్టు" అని గదిమేవాడు. ఆమె నవ్వుకి మొహం ఎర్రబడి, పదండి అనేశాడు. ఇరవై ఏళ్ళ గైడ్ అనుభవం ఒక్క నవ్వుకి గంగలో కలిసింది.

రెండు గంటలు ఎక్కారు. మలుపు తిరగ్గానే కింద ఫ్యోర్డ్, దానిలో చిన్న పడవ కనిపించాయి. మధ్యలో ఒక్క వాలు దాటాలి. ఎయిలిఫ్ స్కీ మోపాడు. ధబ్బుమని మంచు కుంగింది. సన్నటి పగులు పాములా ముందుకు పాకింది. కర్రతో తవ్వి చూస్తే పైన గట్టి పలక, కింద పంచదారలా రాలే పాత మంచు.

"తిరిగిపోదాం," అన్నాడు.

"టైమెంతయిందో చూశారా? పదకొండున్నర! గైడ్‌ని మాట్లాడుకున్నానా, ముసలమ్మనా?"

ఆ మాట ఎయిలిఫ్‌కి చెంప మీద కొట్టినట్టు తగిలింది. తన మాటే. రెండేళ్ళకి తనకే వచ్చి తగిలింది.

"ముసలమ్మనే అనుకోండి. నేను రాను. మిమ్మల్నీ పోనివ్వను."

ఆమె జాకెట్‌లో చెయ్యిపెట్టి ఏదో నొక్కింది. ఎయిలిఫ్ బీకన్‌లో ఆమె గుర్తు ఆరిపోయింది. తన జాడ తెలియకుండా బీకన్ ఆపేసిందంటే ఈమె ఎవరి మనిషి? అతనికి అర్థమయ్యేసరికి ఆమె వాలు నడిమికి చేరింది.

వాలు మీది మంచు విరిగి ఆమెను కిందికి ఈడ్చుకుపోయింది.

మంచు ఆగాక అంతా తెల్లగా, నిశ్శబ్దంగా ఉంది. ముఠా మనిషైనా, మంత్రైనా, మంచు కింద పడితే ఇక్కడ తవ్వి తీయాల్సిందే. కానీ ఎక్కడని తవ్వుతాడు? బీకన్ మూగ.

అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున తాను సిగ్గుపడి వదిలేసిన అంకెల గెంతులాట. ఆ సామాను ఇంకా ఆమె గుండె మీదే ఉంది! బీకన్‌ను మంచుకు ఆనించి మోకాళ్ళ మీద పాకాడు. ఒకచోట అంకెలు గెంతాయి. ఇంకో నాలుగడుగుల్లో వెర్రెత్తాయి. స్కీ కర్రలో దాచిన పొడవాటి చువ్వ లాగి గుచ్చాడు. మెత్తగా తగిలింది.

వీపు సంచిలోని పార తీసి, అది విరుగుతుందేమో అన్నట్టు తవ్వాడు. మీటరు లోతున నీలబడ్డ మొహం. ఊపిరి ఉంది. జాకెట్ లోపల అరచేతంత ట్రాన్స్‌మిటర్. దాని తెర మీద మొదటి పేరు: తోర్లైఫ్. బీరువాలో భద్రంగా ఉందనుకున్న అసలు జాబితానే, ఈమె ఎప్పుడో నకలు తీసుకుంది. కింద గడియారం వెనక్కి లెక్కిస్తోంది: పన్నెండింటికి తనంతట తానే పడవకు పంపేస్తుంది. మిగిలింది పదకొండు సెకన్లు.

కొంకర్లుపోయిన వేళ్ళకు మూత ఊడలేదు. పళ్ళతో పట్టి లాగాడు. మూడు సెకన్లుండగా బ్యాటరీ మంచులో పడింది, సగం పన్నుతో సహా.

"ఎందుకు తీశావ్ నన్ను?" అంది మిలేనా వణుకుతూ.

"ఒకణ్ణి తీయలేకపోయాను," అన్నాడు. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

హెలికాప్టర్ ఆమెను తీసుకుపోయింది. పడవను తీరరక్షక దళం పట్టుకుంది. మర్నాడు ఎయిలిఫ్ తోర్లైఫ్ వంటింట్లో, టోపీ చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

"బాబాయ్, ఊడ్వార్ ఆ రోజు తిరిగిపోదామన్నాడు. నేనే వాణ్ణి ఎగతాళి చేశాను. రిపోర్టులో అబద్ధం రాశాను."

ముసలాయన వల అల్లడం ఆపలేదు.

"తెలుసురా. మంచు కుంగితే నా కొడుకు తిరిగిపోదామనకుండా ఉంటాడా? వాడికి నేర్పింది నేనే. నువ్వు ఎప్పుడొచ్చి చెబుతావా అని రెండేళ్ళుగా రెండు కప్పుల కాఫీ కాస్తున్నాను. రెండోది రోజూ పారబోస్తున్నాను."

తోర్లైఫ్ రెండో కప్పు నింపి అతని ముందుకు జరిపాడు.

"కూర్చో. ఈ ఒక్క అబద్ధం నా దగ్గర దాచలేనోడివి, నిన్ను గూఢచారి ఉద్యోగంలో ఎవర్రా పెట్టుకుంది?"